బోడుప్పల్ టు నాచారం.. వయా మారుతీ 800

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర స్కైవాక్ ఎక్కి ఓసారి కిందికి చూడండి. నాలుగు వైపుల నుంచీ బండ్లే బండ్లు. 2023లో తెరిచిన ఈ 660 మీటర్ల స్కైవాక్ పుణ్యమా అని మెట్రో దిగినవాళ్లకు రోడ్డు దాటే బాధ తప్పింది. కింద వరంగల్ వైపు వెళ్లేవాళ్ల కష్టం మాత్రం అలాగే ఉంది. 2018లో పని మొదలైన నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పిల్లర్లు, పిల్లర్ల పక్కన గుంతలు, గుంతల్లో ఆటోలు. ఆ దుమ్ములోనే ఉప్పల్ డిపో దాకా వెళ్లి ఎడమకు తిరిగితే మా బోడుప్పల్.

బయటివాళ్లకు మా ఊరంటే ఏం గుర్తొస్తుంది? టులెట్ బోర్డులు, టిఫిన్ సెంటర్లు, అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు. 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయ్యాక ఖాళీ ప్లాటు కనిపించడమే గగనమైంది. పుట్టి పెరిగిన నాకూ ఇన్నాళ్లూ అవే కనిపించాయి. కానీ గత ఏడెనిమిది నెలల్లో ఇదే ఊళ్లో ఇంకో ఊరు కనిపించింది. రేకుల షెడ్లు, గ్యాస్ వెల్డింగ్ సిలిండర్లు, గ్రీజు చేతులు, సుత్తి చప్పుళ్లు ఉన్న ఊరు అది. ఆ ఊరిని నాకు చూపించింది గూగుల్ మ్యాప్స్ కాదు. 1998 మోడల్ తెల్ల మారుతీ 800.

నాకంటే ఏడాది చిన్నది

ఆ కారు వయసు నాకంటే ఒక్క ఏడాది తక్కువ. నాన్న 2004లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న యూనిట్‌లో టర్నర్. లేత్ మెషీన్ మీద ముప్పై ఏళ్లు పనిచేశారు. నా ఎంసెట్ కౌన్సెలింగ్‌కి, అక్క పెళ్లి షాపింగ్‌కి, నానమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి అన్నిటికీ అదే బండి. 2020 లాక్‌డౌన్‌లో ఆగింది, మళ్లీ కదల్లేదు. ఈలోగా నాన్నకు చేతులు వణకడం మొదలైంది, చూపు తగ్గింది. కారు మా వెనక వీధిలో తెలిసినవాళ్ల ఖాళీ ప్లాటులో బాదం చెట్టు కింద ఉండిపోయింది.

కిందటేడు వేసవిలో ఆ ప్లాటు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు. "దసరా తర్వాత పునాదులు తీస్తరంట, బండి తీసెయ్యండి" అని కబురు వచ్చింది. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో అయిపోయింది. పాత ఇనుం కొనే ఆయన వచ్చి చుట్టూ తిరిగి చూసి, 22 వేలిస్తానన్నాడు. అమ్మ సరే అంది. నాన్న ఏమీ అనలేదు. లోపలికెళ్లి పానాల డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మెకానికల్ కూడా కాదు, ఈసీఈ. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. అంటే పొద్దున 6 నుంచి 9 దాకా, ప్లస్ శని ఆదివారాలు. దసరాకి నాలుగు నెలలు. బండి తన చక్రాల మీద తాను కదిలితే ఉంటుంది, లేకపోతే కిలోల లెక్కన పోతుంది. అదీ లెక్క.

ముందు పెట్రోలు సంగతి

మారుతీ 800 గురించి ఒక మంచి మాట చెప్పుకోవాలి. బానెట్ ఎత్తితే ఏది ఏంటో కనిపిస్తుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, పైన కార్బ్యురేటర్. సెన్సార్లు, కంప్యూటర్లు లేవు. ల్యాప్‌టాప్ పెట్టి ఎర్రర్ కోడ్ చదివే పని లేదు. వాసన చూడాలి, వినాలి, చేత్తో పట్టుకుని కదిపి చూడాలి. నాన్న భాషలో "బండి దాచుకోదు, అన్నీ చెప్తది".

మొదటి పని పాత పెట్రోలు దించడం. అయిదేళ్ల నాటి పెట్రోలు డబ్బాలో పోస్తే పాత వార్నిష్ వాసన వచ్చింది. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కి గాల్లోని తేమను పీల్చుకునే గుణం ఉంది. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ నీళ్లు ట్యాంకు అడుగున చేరి లోపల తుప్పు పట్టిస్తాయి. పైగా 90ల నాటి రబ్బరు పైపులు, కార్బ్యురేటర్ ప్యాకింగులు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. మెత్తబడతాయి, ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి. ఇంజిన్ వేడి మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే స్టార్ట్ చేసి చూద్దాం అనుకునే ముందే ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా ఇథనాల్ తట్టుకునే కొత్త పైపులు, కొత్త క్లిప్పులు వేశాం. ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాం. మీ ఇంట్లో పాత బండి ఉంటే, మిగతావి తర్వాత చూసుకోవచ్చు కానీ ఇది మాత్రం ముందు చేయించండి.

కార్బ్యురేటర్ విప్పడం నాకు కొత్త కోడ్‌బేస్ చదివినట్టే అనిపించింది. విప్పిన ప్రతి ముక్కనూ ఫొటో తీసి, గుడ్ల ట్రేలో వరసగా పెట్టాను. ఒక్కో గుంటకు ఒక్కో నంబరు. జెట్లు అని చిన్న ఇత్తడి ముక్కలుంటాయి, మధ్యలో సన్నటి రంధ్రం. అందులో జిగురు పేరుకుంటే ఇంజిన్‌కి పెట్రోలు అందదు. తీగ పెట్టి పొడవాలని చెయ్యి లాగుతుంది. నాన్న ముందే చెప్పారు. "ఇత్తడి మెత్తగుంటది, తీగ పెడితే తొర్ర పెద్దగైతది. గాలి కొట్టు." పంక్చర్ షాపులో గాలి కొట్టించాం. పంక్చర్ అన్న పైసలు తీసుకోలేదు. "ఇంకా ఉందా సార్ మీ 800?" అని మాత్రం అడిగాడు.

నాచారం లేత్ వీధి

బ్రేకుల దగ్గర మాత్రం మేం సొంత తెలివి వాడలేదు. వెనక చక్రాల డ్రమ్ములు విప్పితే లోపల తుప్పు గాట్లు. కొత్త డ్రమ్ములు కొనొచ్చు. కానీ పాతవాటిలో ఇనుం మందం ఇంకా ఉంది, సన్నగా ఒక పొర చెక్కిస్తే చాలన్నారు నాన్న. దీన్నే స్కిమ్మింగ్ అంటారు.

ఉప్పల్ నుంచి హబ్సిగూడ వెళ్లి కుడికి తిరిగితే నాచారం రోడ్డు. ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణా స్టూడియోస్ ఈ నాచారంలోనిదే. సినిమా పేరు ఆయనది, కానీ నాచారం అంటే మా ఇంట్లో ఇండస్ట్రియల్ ఏరియానే. ఇక్కడ, పక్కన మల్లాపూర్‌లో, ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియాలో పెద్ద కంపెనీల గోడల పక్కనే చిన్న చిన్న వర్క్‌షాపులు ఉంటాయి. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మెషీన్, ఒక గ్రైండర్, గోడకు దేవుడి పటమో మక్కా పటమో. పెద్ద కంపెనీల్లో ఏ మెషీన్‌కి ఏ ముక్క విరిగినా ముందు ఇక్కడికే పరుగెత్తుకొస్తారు. కొత్తది వచ్చేలోపు అలాంటిదే చేసి ఇచ్చేది ఈ షెడ్లే.

నాన్న తనతో కలిసి పనిచేసిన చాచా షెడ్డుకి తీసుకెళ్లారు. ఇద్దరూ కలిసి ఆరేళ్లయింది. చాచా లేచి వచ్చి నాన్న చేతులు పట్టుకున్నారు. వణుకు తెలిసింది కాబోలు, కాసేపు వదల్లేదు.

"ఏం భాయ్, మెషీన్ ముట్టుకుంటవా?"

"ముట్టుకుంటే నీ పని ఖరాబైతది. నువ్వే చెయ్, నేను చూస్త."

చాచా డ్రమ్మును లేత్‌కి బిగించి తిప్పారు. పెన్సిల్ లాంటి టూలు అంచుకు తగలగానే సన్నటి కీచు శబ్దం. నాన్న కళ్లు మూసుకుని విన్నారు. "ఒక పక్కనే తగుల్తంది. డ్రమ్ము గుండ్రంగ లేదు" అన్నారు. చాచా ఆపి చూసి తలూపారు. ఇంకో రెండు సార్లు చెక్కాక శబ్దం ఒకే తీరుగా వచ్చింది. నాకు ఆ తేడా మొదటిసారి వినిపించలేదు, మూడోసారి వినిపించింది.

పని అయ్యాక చాచా టీ తెప్పించారు. గేర్ లివర్ కింద బుష్ అరిగిపోయి గేర్లు గంపలో గరిటెలా ఆడుతున్నాయని చెబితే, ఓ నైలాన్ కడ్డీ ముక్క తీసి పావుగంటలో కొత్తది చేసిచ్చారు. డ్రాయింగ్ లేదు, కొలతల చార్టు లేదు. పాత ముక్కను వెర్నియర్‌తో కొలిచి, అరిగినంత మేర మనసులోనే కలుపుకున్నారు. "మీ అబ్బాయి పని నేర్సుకుంటుండా?" అని అడిగితే చాచా నవ్వారు. వాళ్లబ్బాయి డెలివరీ యాప్‌లో చేస్తున్నాడు. లేత్ మీదకంటే అదే నయం, రోజూ పైసలొస్తయ్ అన్నారు.

రేకు కింద రేకు

బయటికి నిగనిగలాడినా పాత కార్ల అసలు రోగం కింద ఉంటుంది. కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తితే మాకు రోడ్డు కనిపించింది. వానాకాలంలో చేరిన నీళ్లు ఫ్లోర్ రేకును తినేశాయి.

బోడుప్పల్లోనే మా ఇంటికి కిలోమీటరు లోపు టింకరింగ్ షెడ్లు నాలుగున్నాయని అప్పుడు తెలిసింది. నాలుగూ తిరిగాం. మొదటాయన పైన రేకు అతికించి పుట్టీ పెడతానన్నాడు. తక్కువలో అయిపోతుంది. రెండేళ్లలో కింద తుప్పు మళ్లీ పైకి వస్తుంది. మూడో షెడ్డు మేస్త్రీ స్క్రూడ్రైవర్‌తో రేకంతా పొడుచుకుంటూ వెళ్లాడు. ఎక్కడ ఠంగుమంటే అక్కడ మంచి రేకు, ఎక్కడ కసుక్కున దిగితే అక్కడ కుళ్లు. చాక్‌పీస్‌తో గీత గీశాడు. "గీత లోపల మొత్తం కోసెయ్యాలె సార్. మంచి రేకు దొరికేదాక కోసుడే. గప్పుడే కొత్తది అతుకుతది." ఆయనకే ఇచ్చాం.

వెల్డింగ్ ఆయన చేశాడు. దానికి ముందూ వెనకా ఉన్న మోటు పని నాది. సీట్లు విప్పడం, వైరు బ్రష్‌తో తుప్పు గీకడం, ఎమరీ పేపర్ రుద్దడం, ప్రైమర్ వేయడం. నాలుగు ఆదివారాలు అక్కడే. మధ్యాహ్నం మేస్త్రీ టిఫిన్ డబ్బాలో నాకూ వాటా. ఆయనది మహబూబ్‌నగర్ వైపు. పదమూడేళ్లకే షెడ్డులో చేరాడు. ఇప్పుడు వచ్చే కార్లలో బంపర్ తగిలితే ముక్క మార్చేయడమే తప్ప సుత్తి పట్టే పని తగ్గిందని చెప్పాడు. ఆయన షెడ్డున్న ప్లాటు కూడా అమ్మకానికి ఉంది.

స్పేర్ పార్టుల కోసం రాణిగంజ్. సికింద్రాబాద్‌లో ఆ సందుల్లో తిరగడం ఒక టూరే. పాత ముక్క జేబులో పెట్టుకుని వెళ్లండి, పేరు చెప్పి అడక్కండి. ముక్క చూపిస్తే కౌంటర్ వెనక పెద్దాయన ఒక్క చూపులో లోపలికెళ్లి డబ్బా తెస్తాడు. మారుతీ 800 పాతిక లక్షలకు పైగా తయారైన కారు కాబట్టి విడిభాగాలకు ఇప్పటికీ పెద్ద కరువు లేదు. 2014 జనవరిలో తయారీ ఆగినా బండి ఇంకా బతకడానికి అదో కారణం.

పాతది, కానీ పురాతనం కాదు

మన హైదరాబాద్‌కి పాత కార్ల మీద గౌరవం తక్కువేం లేదు. చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిస్తే, 1911లో ఆయన పోయాక వచ్చింది. ఏడో నిజాం ప్రత్యేక సందర్భాల్లో మాత్రమే వాడారు. బహదూర్‌పురాలో జూ పార్క్ దగ్గర సుధా కార్స్ మ్యూజియం ఉంది. అక్కడ సుధాకర్ గారు పాత సామాన్లతో బూటు, క్రికెట్ బ్యాట్ లాంటి ఆకారాల్లో నడిచే బండ్లు చేసి పెట్టారు. 2005లో ప్రపంచంలోనే అతిపెద్ద ట్రైసైకిల్‌తో గిన్నిస్ రికార్డు కొట్టింది ఆయనే.

రాజుల బండికి ప్యాలెస్ ఉంది, వింత బండికి మ్యూజియం ఉంది. మరి గుమాస్తాలు, టీచర్లు, టర్నర్లు నడిపిన బండికి? మొట్టమొదటి మారుతీ 800కి ఆ అదృష్టం దక్కింది. 1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా ఢిల్లీకి చెందిన హర్పాల్ సింగ్ తాళాలు అందుకున్నారు. నంబరు డీఐఏ 6479. ఆయన పోయాక తుప్పు పట్టిపోతున్న ఆ కారును కంపెనీయే బాగుచేసి తన దగ్గర ప్రదర్శనకు పెట్టింది.

మిగతావాటి సంగతి వేరు. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటితేనే వింటేజ్. అంటే ఆ మొదటి 800 కూడా వింటేజ్ కావాలంటే 2033 దాకా ఆగాలి. మా 1998 బండికి ఇంకా ఇరవై ఏళ్లకు పైనే. అప్పటిదాకా అది రూల్సులో ఉత్త పాత బండి. ఢిల్లీలోనైతే పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్లు రోడ్డెక్కొద్దని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన దగ్గర ఫిట్‌నెస్ పాసైతే అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. కాకపోతే 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 10,000 రూపాయలు. ఆలస్యపు రుసుము, గ్రీన్ ట్యాక్స్ విడిగా.

పాత బండ్లు పొగ ఎక్కువ వదులుతాయన్నది నిజమే. నేను దాన్ని కాదనను. మా బండి రోజూ ఆఫీసుకెళ్లేది కాదు, వారానికి ఓసారి తిరిగేది. పొల్యూషన్ టెస్టులో పాసైతేనే తిరుగుతుంది.

ఆయన చెవి, నా చెయ్యి

సెప్టెంబర్ రెండో వారంలో ఇంజిన్ స్టార్టయింది. అయింది కానీ పైనుంచి టకటకమని చప్పుడు. ట్యాపెట్లన్నారు నాన్న. వాల్వును నొక్కే భాగానికీ వాల్వుకూ మధ్య వెంట్రుక మందం ఖాళీ ఉండాలి. ఎక్కువైతే చప్పుడు, తక్కువైతే వాల్వు కాలిపోతుంది. ఆ ఖాళీని ఫీలర్ గేజ్ అనే సన్నటి రేకుతో కొలిచి స్క్రూ తిప్పి సరిచేయాలి.

ఒకప్పుడు నాన్న దీన్ని అరగంటలో చేసేవారు. ఇప్పుడు ఆ రేకును ఆ సందులో పెట్టడానికి చెయ్యి నిలవదు. రెండుసార్లు ప్రయత్నించి నాకిచ్చేశారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, పిడి చెవికి ఆనించుకుని, కొన ఇంజిన్ మీద పెట్టి విన్నారు. మెకానిక్కుల స్టెతస్కోప్ అది.

"రెండో దానిది. ఆపు."

ఆపి, మూత విప్పి, రెండో సిలిండర్ దగ్గర గేజ్ పెట్టాను.

"గట్టిగ జారాలె. వెన్నల కత్తి పోయినట్టు పోవద్దు, ఇరుక్కోనూ వద్దు. ఇంటున్నవా?"

"ఇప్పుడు?"

"నన్నెందుకు అడుగుతవ్? నీ వేళ్లను అడుగు."

మూడు ఉదయాలు పట్టింది. ఆయన చెవి చెప్పింది, నా చెయ్యి చేసింది. మూడో రోజు ఇంజిన్ పాత చప్పుడుకి వచ్చింది. స్కూల్ బస్సు మిస్సయినప్పుడల్లా గేటు దగ్గర విన్న చప్పుడే. నాన్న ఏమీ మాట్లాడకుండా స్క్రూడ్రైవర్ తుడిచి డబ్బాలో పెట్టారు.

దసరాకి పది రోజుల ముందు బండి ప్లాటు నుంచి తనంతట తాను బయటికొచ్చింది. తర్వాత నెలలో ఫిట్‌నెస్ పాసైంది. మొత్తం ఖర్చు 66 వేలు. టింకరింగ్, పెయింట్‌కి 24, కాయితాలకి 14, టైర్లకి 11, మిగతాది బ్రేకులు, బ్యాటరీ, పైపులు, బెల్టులు. అమ్మితే అందులో సగం కూడా రాదు. ఆఫీసులో అందరూ అడిగే ప్రశ్న అదే, లాభమేంటని. ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేసిన మనిషికి తెలిసింది ఎంతో, ఆయన చేతులు వణికే దాకా నేను అడగలేదు. అడగడానికి ఒక వంక దొరికింది. అది 66 వేలకు చవకే.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే

జాకీ ఒక్కటే నమ్ముకుని బండి కిందకి దూరొద్దు. స్టాండ్లు పెట్టాలి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాలి. పాత బ్రేకుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టి ఊదొద్దు, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవాలి. బ్రేకులు మీరే చేసినా రోడ్డెక్కే ముందు మెకానిక్‌కి చూపించండి. ఛాసిస్ నంబరు దగ్గర తుప్పుంటే మెల్లగా తుడవండి, గ్రైండర్ పెట్టొద్దు. ఆ అంకెలు చెరిగితే ఆర్టీవో దగ్గర కథ మొదటికొస్తుంది. రంగు కూడా ఆర్‌సీలో ఉన్నదే వేయించండి, మార్చాలంటే పర్మిషన్ కావాలి.

ఇంకొకటి. పని జరుగుతున్నప్పుడు ఫోన్‌లో శబ్దాలు రికార్డ్ చేయండి. నా దగ్గర ఇప్పుడు 43 ఆడియో ఫైళ్లున్నాయి. ట్యాపెట్ వదులుగా ఉన్నప్పుడు, బిగిసినప్పుడు, ఫ్యాన్ బెల్టు కీచుమన్నప్పుడు, డ్రమ్ము ఒక పక్కే తగిలినప్పుడు. ప్రతి దాని చివర నాన్న గొంతు, అది ఏంటో, ఏం చేయాలో. బ్రేకు డ్రమ్ము ఫైల్లో చాచా నవ్వు కూడా పడింది.

మేస్త్రీకి ఈ సంగతి చెబితే తన షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడి ఫోన్‌కి అవన్నీ పంపించమన్నాడు. ఆయన షెడ్డు సంక్రాంతి తర్వాత చెంగిచర్ల వైపు మారుతోంది. కుర్రాడు నంబర్ ఇచ్చి, "సార్, ఫస్ట్ ఏది ఇనాలె?" అని అడిగాడు. మూడో ఫైలు నుంచి మొదలుపెట్టమన్నాను. ట్యాపెట్లు.